ప్లంబరుకు వచ్చిన ఇంగ్లిష్ నోబెల్ ప్రొఫెసరుకు ఎందుకు రాలేదు?

నెదర్లాండ్స్‌లోని ఐండ్‌హోవెన్‌లో మాకిచ్చిన ఫ్లాట్‌లో దిగిన రెండో వారమే హీటింగ్ ఆగిపోయింది. జనవరి నెల, బయట మంచు. ఇంటి ఓనరుకు ఫోన్ చేస్తే సాయంత్రానికి ప్లంబరును పంపిస్తానన్నాడు. అతను వచ్చేలోపు నేను వంటింట్లో అటూ ఇటూ తిరుగుతూ ఏం చెప్పాలో మనసులో మూడు వాక్యాలు కూర్చుకున్నాను. బీటెక్ చదివి, హైదరాబాద్‌లో ఆరేళ్లు ఉద్యోగం చేసి, ఆన్‌సైట్ వచ్చినవాణ్ణి. అయినా ఇంగ్లిష్‌లో మాట్లాడాలంటే ముందు లోపల రిహార్సల్ వేసుకోవడం నాకు అలవాటు. తెలుగు మీడియం వాళ్లకు ఈ సంగతి విడమరిచి చెప్పక్కర్లేదు.

వచ్చినవాడికి ఇరవై రెండేళ్లుంటాయేమో. గుమ్మం దగ్గర బూట్లు విప్పాడు, బాయిలర్ మూత తీశాడు, కింద చిన్న గడియారంలా ఉన్న మీటరు చూపించాడు. ముల్లు దాదాపు సున్నా మీద ఉంది. నీళ్ల ప్రెషర్ పడిపోయిందనీ, ట్యూబు ఇలా బిగించి నీళ్లు ఎక్కించాలనీ, ముల్లు ఒకటిన్నర దాటాక ఆపేయాలనీ చెప్పాడు. చెబుతూ చెబుతూనే, ఈ బాయిలర్ మా తాత లాంటిది, అప్పుడప్పుడు దాహం వేస్తుంది గానీ నోరు తెరిచి అడగదు అన్నాడు. అంతా ఇంగ్లిష్‌లోనే. ఆ జోకు వేయడానికి ముందు ఒక్క క్షణం కూడా ఆగలేదు. నేను నవ్వడానికే క్షణం ఆలస్యమైంది.

నా దృష్టిలో భాష వచ్చిందనడానికి గుర్తు అదే. ఆఫీసు మీటింగులో మాట్లాడటం ఎవరైనా బట్టీ పట్టొచ్చు. పని చేస్తూ, చేతికి మురికి అంటుకుని ఉండగా, కొత్తవాడితో జోకు వేయడం బట్టీకి అందదు. ఇంత ఇంగ్లిష్ ఎక్కడ నేర్చుకున్నావని అడిగాను. సైకిల్ తొక్కడం ఎక్కడ నేర్చుకున్నావంటే ఎలా చూస్తారో అలా చూశాడు. కాసేపు ఆలోచించి, స్కూల్లో చెప్పారు, టీవీలో వస్తుంది కదా, గేమ్స్ ఆడతాం కదా అన్నాడు. అంతకు మించి అతని దగ్గర జవాబు లేదు.

నా జవాబు మాత్రం పొడుగు. పిఠాపురం వైపు ఊళ్లో పదో తరగతి దాకా తెలుగు మీడియం. యాక్టివ్ వాయిస్ ఇస్తే పాసివ్‌లోకి, డైరెక్ట్ స్పీచ్ ఇస్తే ఇన్‌డైరెక్ట్‌లోకి చకచకా మార్చేసేవాణ్ణి. ఇంగ్లిష్‌లో 78 మార్కులు. అన్నేళ్లలో నాతో ఇంగ్లిష్‌లో ఒక్క ప్రశ్న అడిగి, నా జవాబు కోసం ఆగిన మనిషి లేడు. మా మాస్టారు ఇంగ్లిష్ పాఠం తెలుగులో చెప్పేవారు. ఆయన్ని అనడానికేం లేదు, ఆయనకూ అలాగే చెప్పారు.

ఇలాంటి తేడా కనిపించినప్పుడు మనవాళ్లు చెప్పే మాటలు రెండు. వాళ్ల భాష ఇంగ్లిష్‌కు చుట్టం కాబట్టి వాళ్లకు తేలిక అన్నది ఒకటి. మనవాళ్లకు శ్రద్ధ లేదన్నది ఇంకొకటి. రెండోదాని మీద సమయం వృథా చేయను. ఐఐటీ కోచింగ్ కోసం తెల్లవారుజామున లేచే పిల్లలున్న చోట శ్రద్ధ గురించి మాట్లాడటం అన్యాయం.

మొదటి మాటలో నిజముంది. నెదర్లాండ్స్ వాళ్ల భాష డచ్చి, ఇంగ్లిష్‌కు అక్కచెల్లెలు. డచ్చిలో కూడా వాటర్ అంటే నీళ్లే, బుక్ అంటే పుస్తకమే, ఆ రెండోదాని స్పెల్లింగే వేరు. అమెరికా ప్రభుత్వం తన దౌత్యవేత్తలకు భాషలు నేర్పడానికి నడిపే సంస్థ లెక్క చూస్తే ఈ దూరం అంకెల్లో తెలుస్తుంది. ఇంగ్లిష్ వాడికి డచ్చి నేర్పడానికి వాళ్లకు పట్టేది ఇంచుమించు ఆరేడు నెలలు. మన తెలుగుకు 44 వారాలు, 1100 గంటల క్లాసులు. జపనీస్‌కు దానికి రెట్టింపు, 2200 గంటలు. వాళ్లు ఇటు రావడానికి ఎంత నడవాలో మనం అటు వెళ్లడానికీ కాస్త అటూ ఇటూగా అంతే నడవాలి.

కానీ ఫిన్లాండ్ ఈ లెక్కకు లొంగదు. ఫిన్నిష్‌కు ఇంగ్లిష్‌తో ఏ చుట్టరికమూ లేదు. మన తెలుగులాగే మాటకు వెనక ప్రత్యయాలు అంటించుకుంటూ పోయే భాష అది. 55 లక్షల పైచిలుకు మంది ఉన్న ఆ దేశంలో ఇంగ్లిష్ కొరత లేదు. చుట్టరికం సాయం చేస్తుంది గానీ అది లేనంత మాత్రాన దారి మూసుకుపోదన్నమాట.

నాకు దీని గుట్టు ఎక్కువగా తెలిసింది స్పెయిన్, పోర్చుగల్ జంట వల్ల. పక్కపక్క దేశాలు. రెండు భాషలూ లాటిన్ బిడ్డలే. రెండూ ఒకప్పుడు సముద్రాలు ఏలి తర్వాత చితికినవే. ఇరవయ్యో శతాబ్దంలో రెండింటినీ దశాబ్దాల పాటు నియంతలే పాలించారు, అక్కడ ఫ్రాంకో, ఇక్కడ సలజార్. ఇంగ్లిష్‌లో మాత్రం తేడా కొట్టొచ్చినట్టు ఉంటుంది. ఈఎఫ్ అనే సంస్థ ఏటా దేశాలకు ఇంగ్లిష్ ర్యాంకులు ఇస్తుంది. 2024లో 116 దేశాల్లో నెదర్లాండ్స్ ఒకటో స్థానం, పోర్చుగల్ 6, స్పెయిన్ 36. ఈ ర్యాంకుల్ని నేను వేదంలా తీసుకోను. ఆ సంస్థ ఇంగ్లిష్ క్లాసులు అమ్ముకునేది, పరీక్ష రాసేది నెట్‌లో తమంతట తాము వచ్చినవాళ్లు. కానీ లిస్బన్‌లోనూ మాడ్రిడ్‌లోనూ టాక్సీ ఎక్కినవాడికి ఆ తేడా ర్యాంకులు చూడకుండానే తెలుస్తుంది.

1941లో ఫ్రాంకో ప్రభుత్వం ఒక ఉత్తర్వు తెచ్చింది. విదేశీ సినిమా ఏదైనా సరే స్పానిష్‌లోకి డబ్ చేస్తేనే స్పెయిన్‌లో ఆడాలి. పైకి చెప్పింది జాతి భాషకు రక్షణ అని. డబ్బింగులో మాటలు ఎలా కావాలంటే అలా మార్చుకోవచ్చన్నది లోపలి సౌకర్యం. ఒక హాలీవుడ్ సినిమాలో పెళ్లయిన ఆవిడ ఇంకొకరితో ప్రేమలో పడుతుంది. అది స్పానిష్ సెన్సారుకు నచ్చలేదు. డబ్బింగులో ఆ మొగుడూ పెళ్లాల్ని అన్నాచెల్లెళ్లుగా మార్చేశారు. తెర మీద వాళ్ల వరస చూస్తే అన్నాచెల్లెళ్లలా లేదని ప్రేక్షకులకు అనుమానం. అక్రమ సంబంధాన్ని కప్పబోయి అంతకంటే ఘోరం అంటగట్టారు. ఇది స్పెయిన్‌లో ఇప్పటికీ చెప్పుకుని నవ్వుకుంటారు.

1948లో పోర్చుగల్ చట్టం తెచ్చింది. అక్కడ తిరగేసి, విదేశీ సినిమాను డబ్ చేయడమే నిషేధం. ఉద్దేశం మాత్రం అలాంటిదే, సొంత సినిమాను కాపాడుకోవడం. అప్పట్లో పోర్చుగల్‌లో చదవడం రానివాళ్లు చాలా ఎక్కువ. తెర కింద అనువాదంగా వేసే అక్షరాలు, అంటే సబ్‌టైటిల్స్, చదవలేనివాడు హాలీవుడ్ సినిమాకు పోడు, మన భాషలో మాటలున్న మన సినిమాకే వస్తాడు అని లెక్క వేశారు. ఇంగ్లిష్ నేర్పాలని ఎవరూ కలలో కూడా అనుకోలేదు.

తర్వాత ఆ నిబంధనలూ పోయాయి, ఆ నియంతలూ పోయారు. అలవాట్లు మిగిలాయి. స్పెయిన్‌లో హాలీవుడ్ హీరో ఒక్కొక్కడికీ ఏళ్ల తరబడి ఒకే స్పానిష్ గొంతు ఉంటుంది, అసలు గొంతు వింటే జనానికి వింతగా ఉంటుంది. పోర్చుగల్‌లో చిన్నపిల్లల బొమ్మల సినిమాలు తప్పిస్తే మిగతావన్నీ అసలు గొంతుతోనే, కింద పోర్చుగీసు అక్షరాలతో వస్తాయి. లెక్క వేసి చూడండి. రోజుకు గంట అనుకున్నా పదేళ్లకు మూడున్నర వేల గంటలు. ఫీజు లేదు, పరీక్ష లేదు, తప్పు చెబితే నవ్వేవాడు లేడు. నిజమైన మనుషులు కోప్పడుతూ, ఏడుస్తూ, ఒకరి మాటకొకరు అడ్డం పడుతూ మాట్లాడే భాష. అది మా మాస్టారి గ్రామర్ పుస్తకంలో దొరికే సరుకు కాదు.

నెదర్లాండ్స్ కథ ఇంకా మామూలుది. అక్కడ చట్టం ఏమీ లేదు, కేవలం గిట్టుబాటు లెక్క. కోటీ ఎనభై లక్షల మంది కోసం ప్రతి సీరియల్‌కూ గొంతులు పెట్టించడం ఖర్చు, కింద అక్షరాలు వేయడం చవక. నలభై కోట్ల మందికి పైగా మాట్లాడే స్పానిష్‌కు డబ్బింగు గిట్టుతుంది. చిన్న భాషకున్న ఆ ఇబ్బందే వాళ్లకు కలిసొచ్చింది.

ఇక్కడ జర్మనీని తెచ్చి నన్ను పట్టుకోవచ్చు. జర్మన్లు దాదాపు అన్నీ డబ్ చేసుకుంటారు, అయినా ఆ పట్టికలో మొదటి పదిలో ఉన్నారు. నిజమే. వాళ్ల భాష కూడా చుట్టమే, బడులు గట్టివి, ఎగుమతుల మీద బతికే దేశం. డబ్బింగు ఒక్కటే కారణమని నేను పందెం కాయను. కానీ ఈ చెవి సంగతి మన పక్కింట్లోనే చూశాను. కన్నడ సినిమా పరిశ్రమ దశాబ్దాల పాటు డబ్బింగును రానివ్వలేదు. 2015లో వ్యాపారంలో పోటీని కాపాడే కేంద్ర సంస్థ కాంపిటీషన్ కమిషన్ తప్పుబట్టేదాకా ఆ కట్టు సాగింది. అన్నాళ్లూ మన సినిమాలు బెంగళూరులో తెలుగులోనే ఆడాయి. అక్కడ తెలుగువాళ్లు ఎక్కువన్న మాట నిజమే గానీ, నా రూమ్మేటు ఇంటి దగ్గర తెలుగు గడప ఒక్కటి కూడా లేని మైసూరు కుర్రాడు. తెలుగు పంచ్ డైలాగులు నాకంటే బాగా చెప్పేవాడు. తెలుగు అక్షరం ఒక్కటీ చదవలేడు.

తర్వాత ఎనిమిది నెలలు టోక్యోలో ఉన్నాను. అక్కడ మా టీములో ఒక సీనియర్ ఇంజనీరు ఉండేవారు. ఆయన మెయిల్ చూస్తే ఒక్క తప్పు ఉండదు, నా మెయిల్‌లో ఆర్టికల్స్ ఆయనే సరిచేసి పంపేవారు. మీటింగులో మాత్రం నోరు పెగిలేది కాదు. ఏదైనా అడిగితే ఒక్క నిమిషం అని లేచి వైట్‌బోర్డు మీద ఇంగ్లిష్ వాక్యం ముత్యాల్లాంటి అక్షరాలతో రాసి, దాని పక్కన నిలబడేవారు. ఒక రాత్రి టీమ్ డిన్నర్‌లో రెండు బీర్లు లోపలికి వెళ్లాక బేస్‌బాల్ గురించి అరగంట ఇంగ్లిష్‌లో ఆపకుండా మాట్లాడారు. క్రియలు ఎక్కడివక్కడ విరిగిపోయాయి, ఆయన పట్టించుకోలేదు. మర్నాడు మీటింగులో మళ్లీ వైట్‌బోర్డు. ఆయనకు చేతకానిది ఇంగ్లిష్ కాదని, నలుగురిలో తప్పు మాట్లాడటమని అప్పుడు అర్థమైంది. నాకు అందులో నా మొహమే కనిపించింది.

జపాన్ వాళ్ల ఉచ్చారణ మీద మనవాళ్లు జోకులు వేస్తారు. మెక్‌డొనాల్డ్స్ అక్కడ మకుదొనరుదో. పొల్లు హల్లుతో మాట ముగిస్తే వాళ్ల నాలుకకు ఊరట ఉండదు, చివర అచ్చు తగిలించుకుంటారు. మనం బస్సు, కారు, రోడ్డు, ఫోను అంటూ చేసేది ఏమిటి మరి? అచ్చులతో ముగిసే భాషల వాళ్లం, వాళ్లూ మనమూ ఒకే తరగతిలో వెనక బెంచీ.

అదే ఈఎఫ్ పట్టికలో జపాన్ 92వ స్థానం. ఇది చూసి అయ్యో అనుకునేవాళ్లు తోషిహిదె మస్కావా సంగతి తెలుసుకోవాలి. 2008లో ఫిజిక్స్ నోబెల్ పంచుకున్న ముగ్గురిలో ఒకరు. బహుమతి వచ్చేదాకా ఆయనకు పాస్‌పోర్టే లేదు. స్టాక్‌హోంలో నోబెల్ ఉపన్యాసానికి నిలబడి, క్షమించండి, నాకు ఇంగ్లిష్ మాట్లాడటం రాదని చెప్పి, మొత్తం జపనీస్‌లో ఇచ్చారు. ప్రపంచపు పెద్ద సభలో ఆ మాట చెప్పగలిగిన మనిషి వెనక ఒక దేశం చేసిన పని ఉంది. పంతొమ్మిదో శతాబ్దం చివర్లో జపాన్ విశ్వవిద్యాలయాల్లో పాఠాలు చెప్పింది తెల్లవాళ్లే, ఇంగ్లిష్‌లో, జర్మన్‌లో. కొన్ని దశాబ్దాల్లో జపాన్ ఆ పుస్తకాలన్నీ అనువదించుకుంది, లేని మాటలు పుట్టించుకుంది, సొంత ప్రొఫెసర్లను తయారు చేసుకుంది. అక్కడ డాక్టరయ్యేవాడు జపనీస్‌లో చదివి డాక్టరవుతాడు. ఇంగ్లిష్ లేకపోతే కూడు దొరకని పరిస్థితి లేదు. అవసరం లేని చోట భాష రాదు. అది జబ్బు కాదు.

మన దగ్గర కూడా అలాంటి ప్రయత్నం జరిగింది, తెలుగులో కాదు. 1918లో మొదలైన ఉస్మానియా విశ్వవిద్యాలయం ఉర్దూ మీడియం. దాని కోసం అనువాద శాఖ పెట్టి, పారిభాషిక పదాలు తయారు చేసి, మెడిసిన్, ఇంజనీరింగ్ కూడా ఉర్దూలో చెప్పారు. 1948లో నిజాం పాలన పోయింది, దాంతోపాటు ఉర్దూ మీడియం కూడా పోయి ఇంగ్లిష్ వచ్చింది. నిజాం రాజ్యంలో ఎక్కువమంది ఇంటి భాష ఉర్దూ కాదు కాబట్టి ఆ ఏర్పాటు మీద నాకు మోజేమీ లేదు. సొంత భాష అనుకున్నదానిలో పైచదువు చెప్పడం సాధ్యమేనని మాత్రం హైదరాబాదే ముప్పై ఏళ్లు చూపించింది. తెలుగుకు 1968లో తెలుగు అకాడమీ వచ్చింది, ఇంటర్‌కూ డిగ్రీకీ పుస్తకాలు వేసింది. అసలు ఉద్యోగాలు తెచ్చిపెట్టే చదువులు తెలుగు వైపు తిరిగి చూడలేదు.

కొరియాలో నవంబరులో యూనివర్సిటీ ప్రవేశ పరీక్ష రోజు ఇంగ్లిష్ లిజనింగ్ భాగం జరిగే అరగంట పైచిలుకు దేశమంతా విమానాలు దిగవు, ఎగరవు. పిల్లలకు ఆ రికార్డింగు స్పష్టంగా వినపడాలని. అంత భక్తి. మాట్లాడటం మాత్రం ఆ పరీక్షలో లేదు. అందుకే మాట్లాడటం నేర్చుకోవడానికి కొరియా కుర్రాళ్లు ఫిలిప్పీన్స్‌లోని సెబూకు పోతున్నారు.

ఫిలిప్పీన్స్ ఎందుకంటే, 1901లో థామస్ అనే అమెరికా ఓడలో సుమారు 500 మంది టీచర్లు మనీలాలో దిగారు. ఊరూరికీ వెళ్లి చిన్న క్లాసుల పిల్లలకు ఇంగ్లిష్‌లో పాఠాలు చెప్పారు. ఆక్రమించుకున్న దేశంలో ఇది దాతృత్వమని నేననను. కానీ మన దగ్గర బ్రిటిష్ అధికారి మెకాలే 1835లో రాసిన పత్రంతో పోల్చి చూడండి. మొత్తం ప్రజలకు చదువు చెప్పడం మా వల్ల కాదు, మాకూ వాళ్లకూ మధ్య దుబాసీలుగా ఉండే ఒక వర్గాన్ని తయారు చేద్దాం అన్నది దాని సారం. ఇద్దరూ వలస పాలకులే. ఒకరు ఇంగ్లిష్‌ను వీధి బడిలో పెట్టారు, ఇంకొకరు మేడ మీద పెట్టారు. మనం ఇంకా ఆ మేడ మెట్లే ఎక్కుతున్నాం. 2011 జనాభా లెక్కల్లో ఇంగ్లిష్ మాతృభాష అన్నవాళ్లు దేశం మొత్తానికి రెండున్నర లక్షల చిల్లర. రెండో భాష, మూడో భాష అన్నవాళ్లను కూడా కలిపితే 13 కోట్ల లోపు, అంటే పదిమందిలో ఒకరు.

నెదర్లాండ్స్ ప్లంబరుకూ మనకూ అసలు తేడా ఇక్కడుందని నా వాదన. అక్కడ ప్లంబరుకు ఇంగ్లిష్ వస్తుంది, వచ్చినా ప్లంబరుగానే ఉంటాడు. మన దగ్గర ప్లంబరుకు ఇంగ్లిష్ వస్తే ప్లంబరుగా ఉండడు. పై మెట్టుకు టికెట్టు అయినప్పుడు ఆ భాష మాట్లాడే ప్రతిసారీ టికెట్టు చూపించమన్నట్టే ఉంటుంది. ఒక మాట తడబడితే వీడు ఎక్కడినుంచి వచ్చాడో తెలిసిపోతుంది. ఆ టెన్షన్‌లో జోకులెక్కడ వస్తాయి?

నేను ఇంటర్ చదివిన రెసిడెన్షియల్ కాలేజీలో తెలుగు మాట్లాడితే పది రూపాయలు ఫైను. మొదటి వారం నలభై రూపాయలు పోగొట్టుకున్నాను. రెండో వారానికి మా హాస్టల్ మొత్తం మూగబోయింది. మెస్సులో పప్పుకు ఒక సైగ, సాంబారుకు ఇంకో సైగ, పెరుగు అయిపోయిందనడానికి అరచెయ్యి బోర్లా తిప్పడం. వార్డెన్ వస్తున్నాడనడానికి చెవి గోక్కోవడం. రెండేళ్లు పూర్తయ్యేసరికి మాకు ఇంగ్లిష్ రాలేదు గానీ సైగల్లో సినిమా కథ చెప్పగలిగే స్థాయికి ఎదిగాం. ఇంగ్లిష్ మాట్లాడించాలని పెట్టిన రూలు అది.

అందుకే బళ్లలో ఇంగ్లిష్ మీడియం గొడవ వచ్చినప్పుడల్లా నాకు రెండు పక్షాల మీదా విసుగే. ఆంధ్రప్రదేశ్‌లో 2019లో ప్రభుత్వ బళ్లన్నిటినీ ఇంగ్లిష్ మీడియం చేస్తామని ఉత్తర్వు ఇచ్చారు, 2020లో హైకోర్టు కొట్టేసింది. 2022 నుంచి తెలంగాణ కూడా ఆ దారే పట్టింది. కూలివాడి కొడుక్కి ఇంగ్లిష్ ఎందుకని అడిగే పెద్దమనుషుల మనవలు ఎక్కడ చదువుతున్నారో అందరికీ తెలుసు, వాళ్లతో నాకు మాటల్లేవు. కానీ మీడియం మారిస్తే మాట వచ్చేస్తుందనేవాళ్లు రువాండాను చూడాలి. 2008లో ఆ దేశం ఫ్రెంచిని పక్కనపెట్టి బడుల్ని ఇంగ్లిష్‌లోకి మార్చింది. రాత్రికి రాత్రి టీచర్లు తమకే రాని భాషలో లెక్కలు చెప్పాల్సి వచ్చింది. తర్వాత చిన్న క్లాసుల్ని సొంత భాషకు మార్చారు, 2019లో మళ్లీ ఇంగ్లిష్ అన్నారు. పుస్తకం ఏ భాషలో ఉన్నా, పిల్లవాడి చెవిన పడేది టీచరుకు వచ్చిన భాషే.

మొన్న సంక్రాంతికి కాకినాడ వెళ్తే అక్క నా ముందు ఒక పంచాయితీ పెట్టింది. దాని కూతురు తొమ్మిదో తరగతి, ఇంగ్లిష్ మీడియం. యూనిట్ టెస్టులో ఇంగ్లిష్‌లో 25కి 11. "డైరెక్టు, ఇన్‌డైరెక్టు మొత్తం తప్పులేరా. పొద్దస్తమానం ఆ కొరియా సీరియళ్లే. నెట్ తీసేసి స్పోకెన్ ఇంగ్లిష్‌లో వేసేస్తా. నువ్వే చెప్పు దానికి, నీ మాటైతే వింటుంది" అంది.

పిల్ల గదిలో మంచం మీద ఫోన్ పట్టుకుని ఉంది. నిజంగా కొరియా భాష వచ్చా అని అడిగితే, "కొంచెం వచ్చు మావయ్యా" అని నాలుగు వాక్యాలు గడగడా అప్పజెప్పింది. ఎవరు నేర్పారంటే ఎవరూ లేరంది. పక్కన కూర్చుని నేనూ ఒక ఎపిసోడ్ చూశాను. మాటలు కొరియన్, కింద అక్షరాలు ఇంగ్లిష్. ఒక ముసలావిడ అల్లుడితో ఏదో అంటోంది. కింద రెండు వరసలు పడ్డాయి. నేను మొదటి వరస పూర్తి చేసేలోపే పిల్ల పకపకా నవ్వింది, అక్షరాలు మాయమైపోయాయి.

"ఏమందే?" అన్నాను.

"వెనక్కి తిప్పనా మావయ్యా?" అంది.